పాత మిల్లులో లీన్ బృందం: మా అబ్బాయిని చేరమంటారా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. డిప్లొమా మెకానికల్ చదివిన మా అబ్బాయి విజయనగరం జిల్లాలోనే ఒక పాత జూట్ మిల్లులో సూపర్‌వైజర్. ఇప్పుడు యాజమాన్యం పనిలో వృథా తగ్గించే ‘లీన్’ పద్ధతి పెడుతోందట, టొయోటా కార్ల కంపెనీది. వీణ్ణి ఆ బృందంలో చేరమంటున్నారు. మనుషుల్ని తీసేయడానికే ఇదంతా అని కార్మికులు అంటున్నారు. కార్ల కంపెనీ పద్ధతి గోనెసంచుల మిల్లుకు పనికొస్తుందా? లేక మాన్పించి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చాలా?

జవాబు: చేరమనండి. అయితే ముందు మేనేజర్ని ఒక్క మాట అడగమనండి: ‘పని తగ్గి మిగిలిన మనుషుల్ని ఏం చేస్తారు?’ ఎవర్నీ తీయం, వేరే పని నేర్పి ఇస్తాం అని ఆయన కార్మికుల ముందు చెప్పాలి. చెప్పకపోతే వాళ్ల భయం న్యాయమైనదే. తన పని తనకే ఎసరు పెడుతుందంటే ఏ కార్మికుడు మెరుగైన దారి చూపిస్తాడండీ?

అమెరికాలో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీని 1984లో టొయోటాతో కలిసి ఈ పద్ధతిలోనే మళ్లీ తెరిచారు. ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియనూ అదే. ఉద్యోగ భద్రతకు ఒప్పందం రాసుకున్నారు. నాణ్యత ఎంతో పెరిగింది.

ఇక కార్ల పద్ధతి అన్నారు. దీని వేరు మగ్గంలోనే ఉంది. టొయోటా కంపెనీకి మూలపురుషుడైన సకిచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం, పోగు తెగితే దానంతట అదే ఆగిపోయేది. తప్పు జరిగిన చోటే పని ఆపాలన్న సూత్రం అక్కడిదే. టొయోటాలో ఈ పద్ధతిని నిలబెట్టిన తైచి ఓనో కూడా 1932లో ముందు చేరింది టొయోడా వారి బట్టల మిల్లులోనే.

పాత కంపెనీల్లో ఇది ఎక్కువగా నేల మీద పసుపు గీతలు గీయడం, గోడ మీద బోర్డులు పెట్టడం దగ్గరే ఆగిపోతుంది. అందుకే మీవాడు మొదటి నెల ఏ సలహా ఇవ్వకుండా షెడ్డులో నిలబడి చూడాలి. దారం చుట్టిన బాబిన్ల కోసం మగ్గం ఎంతసేపు ఖాళీగా ఉంది? కార్డింగ్ (నార దువ్వడం) దాటిన సరుకు ఎక్కడ గుట్టపడుతోంది? నోటు పుస్తకంలో రాసుకోమనండి. అందరికంటే పాత కార్మికుడి దగ్గర కూర్చుని ‘మామా, రోజూ నిన్ను విసిగించేదేంటి?’ అని అడగమనండి. ఆయన చెప్పినదాన్నే ముందు బాగుచేయించాలి, చిన్నదైనా సరే. మిగతావాళ్లు అప్పుడు నోరు విప్పుతారు.

సాఫ్ట్‌వేర్ మీద వాడికే ఇష్టముంటే వేరే మాట. భయంతో మాత్రం మాన్పించకండి. ఈ అనుభవానికి పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనూ, విశాఖలోనూ విలువుంది. చిన్న పరిశ్రమల్లో లీన్ కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకంలో అమలుకు చేయిపట్టి నడిపే సలహాదారుల ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరించేలా పెట్టారు. పలాస జీడిపప్పు యూనిట్ల లాంటి వాటికీ ఇలాంటి పని తెలిసినవాళ్లు కావాలి.

గ్రీన్ బెల్ట్, బ్లాక్ బెల్ట్ అంటూ ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్లకు ఇప్పుడే డబ్బు పోయకండి. మార్పుకు ముందు మగ్గం షిఫ్టుకు ఎన్ని నిమిషాలు ఆగేది, తర్వాత ఎన్ని నిమిషాలు ఆగుతోంది అన్న లెక్క తారీఖులతో ఆ నోటు పుస్తకంలో ఉంటే చాలు, ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది అదే.