పార్సిల్ వచ్చిన రోజు మాట్లాడకు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. అల్లుడు రోజూ ఫోన్‌లో ఏదో ఒకటి కొంటున్నాడని, అడిగితే గొడవ అవుతోందని రాశావు. ఒక్క మాట చెప్పు. ఆ గొడవలు పెట్టె విప్పుతున్నప్పుడే మొదలవుతున్నాయి కదూ? చేతిలో కొత్త వస్తువు ఉన్న మనిషిని "ఎందుకు కొన్నావు" అని అడిగితే తనని తాను కాపాడుకోవడమే చూస్తాడు. ఆఫర్‌లో వచ్చిందంటాడు, అవసరమే అంటాడు, చివరికి నువ్వు కొన్నవి లెక్కపెడతాడు. ఇద్దరూ ఆ వస్తువు దగ్గరే ఆగిపోతారు. నెలకి ఎంత పోతోందన్న మాట అలాగే ఉండిపోతుంది.

అందుకని పార్సిల్ వచ్చిన రోజు ఏమీ అనకు. సెలవు రోజున, ఇద్దరూ తిని తీరిగ్గా ఉన్నప్పుడు, మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కార్డు బిల్లులు ముందు పెట్టుకుని కూర్చోండి. నీవి ముందు తియ్యి. అది మర్యాద కోసం చెప్పడం లేదు. నీ లెక్క దాచి అతని లెక్క అడిగితే అది విచారణ అవుతుంది, ఇద్దరివీ బల్ల మీద ఉంటే అది ఇంటి లెక్క అవుతుంది. బ్యాంకులో పనిచేసిన రోజుల్లో, నెలకి ఎంత వస్తుందో పైసాతో సహా చెప్పి, ఎంత పోతోందో చెప్పలేని దంపతులను ఎంతోమందిని చూశాను. కూడే పని అల్లుడికే వదిలెయ్యి. తన చేత్తో కూడుకున్న మొత్తాన్ని ఎవరూ కాదనలేరు. పెద్ద వస్తువులు అందరికీ గుర్తుంటాయి. ఆటల్లో కొన్న నాణేలు, వాడటం మానేసినా నెలనెలా కట్ అవుతున్న సబ్‌స్క్రిప్షన్లు, ఉచిత డెలివరీ కోసం అదనంగా చేర్చినవి, ఇవే తెలియకుండా పోతాయి.

కూడి చూస్తే మీ పొదుపుకి దెబ్బ లేదు, అప్పు లేదు, నీకు విసుగల్లా ఇంటి నిండా అట్టపెట్టెలే అనుకో. అప్పుడు మాట్లాడాల్సింది చోటు గురించి, డబ్బు గురించి కాదు. ఆ తేడా ముందే తేల్చుకో.

అలా కాక డబ్బు నిజంగానే పోతుంటే, ఎందుకని అడగకు, ఎప్పుడని చూడండి. ఆర్డర్ల చరిత్రలో తేదీలుంటాయి, మెయిల్‌కి వచ్చిన రసీదుల్లో టైమ్ కూడా ఉంటుంది. ఎక్కువ భాగం అర్ధరాత్రి చేసినవా? జీతం పడిన వారంలోనా? ఆఫీసులో మాట పడిన రోజునా? నిద్ర పట్టక కొనే మనిషికి బడ్జెట్ పాఠం చెప్పి ప్రయోజనం లేదు. ఆ గంటలో ఫోన్ మంచం దగ్గర లేకపోతేనే సగం పని అవుతుంది.

అల్లుడికి పట్టుదల తక్కువని అనుకోవద్దు. ఆ యాప్‌లు కట్టిందే అలా. డబ్బు ఇచ్చేటప్పుడు మనసు కొంచెం నొచ్చుకుంటుంది, ఆ నొప్పే మనల్ని ఆపుతుంది. దీని గురించి డ్రాజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లోనే రాశారు. నోట్లు లెక్కపెట్టి ఇస్తే తెలిసే ఆ నొప్పి, కార్డు నంబరు ముందే దాచిపెట్టుకున్న యాప్‌లో తెలియదు. ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి అమెజాన్ 1999లో అమెరికాలో పేటెంట్ కూడా తీసుకుంది. కొనడానికీ ఆలోచించడానికీ మధ్య ఉన్న అడుగులు తగ్గించడం వాళ్లకి అంత విలువైన సంగతి.

మీరు ఆ అడుగుల్ని తిరిగి పెట్టుకోవాలి. యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయడం, ఆఫర్ల నోటిఫికేషన్లు ఆపేయడం, వీలైతే యాప్ తీసేసి బ్రౌజర్‌లోనే చూడటం. నచ్చింది కార్ట్‌లో పెట్టి రెండు రోజులు ఆగడం. "ఇంకో పది నిమిషాలే" అని గడియారం తిరిగే ఆఫర్లకి ఇంట్లో ఒకటే నియమం: గడియారం చూపిస్తే కొనకూడదు. ఇవన్నీ అల్లుడే తన ఫోన్‌లో చేసుకోవాలి. అతను నిద్రపోయాక నువ్వు ఫోన్ తెరిచి చేశావంటే, ఖర్చు సంగతి పక్కకి పోయి నీ మీద నమ్మకం సంగతి ముందుకొస్తుంది. పాస్‌వర్డ్ తెలిసినా ముట్టుకోకు.

ఇంకొకటి, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇంటి ఖర్చులు, పొదుపు పోగా మిగిలిన దాంట్లోంచి ఇద్దరికీ సమానంగా కొంత వేరే ఖాతాలో వేసుకోండి. అది ఎవరిష్టం వాళ్లది. దాంతో అతను పనికిరాని వస్తువు కొన్నా నువ్వు నవ్వకూడదు, ముఖం ముడుచుకోకూడదు. ఆ ఖాతా అయిపోతే వచ్చే నెల దాకా లేదంతే. లెక్క చెప్పనక్కర్లేని డబ్బు కాస్త ఉన్న మనిషికి దాచిపెట్టే అవసరం తక్కువ. ఆ ఖాతాకి డెబిట్ కార్డు చాలు, క్రెడిట్ వద్దు.

క్రెడిట్ కార్డు బిల్లులో "మినిమం డ్యూ", అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తం, మాత్రమే కడుతున్నాడేమో ఈ వారమే చూడు. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది కానీ వడ్డీ ఆగదు. నెలకి 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు. అలా ఉంటే పొదుపులోంచి తీసైనా ముందు అది తీర్చండి. ఇప్పుడు కొని తర్వాత కట్టే వాయిదాలు నాలుగైదు ఒకేసారి నడుస్తుంటే అవీ అప్పే, అన్నీ ఒక కాగితం మీద రాయండి.

పార్సిళ్లు ఆఫీసుకి తెప్పించుకోవడం, నీకు తెలియని కార్డు, కొన్న పెట్టెలు విప్పకుండానే దాచడం, ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నానని తనే అనడం, ఇవి కనిపిస్తే నియమాలతో పని జరగదు. అదుపు లేని కొనుగోళ్లను వైద్యులు వందేళ్ల కిందటే జబ్బు లక్షణంగా గుర్తించారు. బైపోలార్ అనే మానసిక జబ్బులో మనసు ఉరకలేసే దశలో కొందరు విపరీతంగా ఖర్చు పెడతారు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకి వాడే కొన్ని మందులు కూడా కొందరి చేత ఇలా చేయిస్తాయి. నిద్ర తగ్గి, మాట వేగం పెరిగి, ఖర్చు ఒక్కసారిగా ఎగిసిందంటే తిట్టకు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. మందు మొదలుపెట్టాకే ఖర్చు పెరిగి ఉంటే అదీ డాక్టరుకి చెప్పు, మందు మీరే ఆపేయవద్దు.

ఆ పరిస్థితే వస్తే ప్రేమ ప్రేమే, నీ పేరు నీ పేరే. ఉమ్మడి ఖాతాలో జీతం మొత్తం ఉంచకు, నీ పొదుపు నీ ఖాతాలోనే ఉండనివ్వు. అతని అప్పు ఒక్కసారి తీర్చావంటే, దాంతోపాటు ఆ కార్డు కూడా మూసేయాలని ముందే ఒప్పుకోండి. హామీదారుగా సంతకం పెట్టమంటే వెంటనే పెట్టకు. అతను కట్టకపోతే నువ్వు కట్టాలనేదే ఆ సంతకం. ఏ కాగితం వచ్చినా ముందు నాకు ఫోటో తీసి పంపు, చదివి చెబుతాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ