పౌండు: తూకమా, దొడ్డా, దంపుడా?

సందేహం: మా ఊరి పాత రెవెన్యూ రికార్డును తెలుగు చేసినవారు ‘కేటిల్ పౌండ్’ను ‘పశువుల తూకం స్థలం’ అని రాశారు. పౌండు అంటే తూకమే కదా అని వాదిస్తున్నారు. దంచడాన్నీ పౌండే అంటారు. ఇవన్నీ ఒకే మాటా? కాంపౌండు గోడలో ఉన్నదీ ఇదేనా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

సమాధానం: అనువాదం తప్పు. అక్కడ తూకానికి పనే లేదు, అది బందెలదొడ్డి. పల్లెల్లో బందిలదొడ్డి అన్నా అదే. చేలో పడి మేసిన పశువును రైతు పట్టుకుంటే 24 గంటల్లోగా దొడ్డికి తోలాలని 1871 నాటి చట్టం. ఏడు రోజుల్లో ఆసామి రాకపోతే దొడ్డి చూసేవాడు పోలీసుస్టేషనుకు తెలపాలి. వారు నోటీసు అంటించి, ఊళ్లోనూ సంతలోనూ దండోరా వేయించి, మరో ఏడు రోజులు చూసి వేలానికి పెట్టాలి. మీ రికార్డులో ఆ మాట పక్కన జరిమానా, మేత ఖర్చు, వేలం పద్దులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఇక వాదనే అక్కర్లేదు.

ఇంగ్లీషులో పౌండు ఒక మాట కాదు, మూడు. పలుకులోనూ రాతలోనూ ఒకటైపోయాయి గానీ మంచి నిఘంటువులు వీటిని మూడు వేర్వేరు మాటలుగానే ఇస్తాయి.

తూకపు పౌండు లాటిన్‌ది. ‘లీబ్రా పొందో’ అంటే తూకంలో ఒక లీబ్రా (రోమన్ల తూకపు కొలత) అని. ఇంగ్లీషువారు వెనక మాటను పలుకుబడిలోకి తీసుకుని, ముందు మాటను రాతకు ఉంచుకున్నారు. పౌండులో లేని ‘ఎల్’ అక్షరం ‘ఎల్‌బి’ అనే పొడి రాతలోకీ, బ్రిటన్ డబ్బు గుర్తులోకీ అలా వచ్చింది. పౌండు వెండికి 240 పెన్నీలన్న పాత లెక్క డబ్బులో 1971 దాకా నడిచింది. ఇక్కడే మనవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. పౌండు తూకం 453.6 గ్రాములు, మన పౌను బంగారం 8 గ్రాములు. ఇంత తేడా ఎందుకంటే మన పౌను తూకపు పౌండు కాదు, పౌండు విలువ చేసే బంగారు నాణెం. దాని బరువు 7.99 గ్రాములు. కాసు అన్నా ఇంతే.

దొడ్డి పౌండు పాత ఇంగ్లీషు మాట. అంతకు ముందరి మూలం తేలలేదు. నీటిగుంటను చెప్పే ‘పాండ్’ దీని రూపాంతరమే: అడ్డుకట్టి ఆపిన నీరు. తాటిపూడి జలాశయంలో నీరు నిలవచేయడాన్ని ఇంజనీర్లు ‘ఇంపౌండింగ్’ అనేదీ, స్టాంపు తక్కువైన దస్తావేజును అధికారి ‘ఇంపౌండ్’ చేసేదీ ఈ దొడ్డి నుంచే. దస్తావేజు విషయంలో ‘జప్తు’ అని రాస్తున్నారు, అది పొరపాటు. జప్తులో శిక్ష వాసన ఉంది. లోటు సుంకం, జరిమానా కడితే ఈ కాగితం చెల్లుతుంది కాబట్టి ‘నిలిపి ఉంచారు’ అంటే చాలు.

దంచే పౌండుకు పాత రూపం ‘పూనియన్’. చివర ‘డ’కారం మొదట లేదు, తర్వాత అంటుకుంది. ‘సౌండ్’లోనూ అంతే, లాటిన్‌లో అది ‘సొనుస్’. తెలుగులో దీనికి ఒకే మాట పెట్టుకుంటే ఇబ్బంది. వడ్లయితే దంచుతాం, తలుపు బాదుతాం, గుండె దడదడలాడుతుంది. ‘గుండె దంచింది’ అని ఈమధ్య అనువాద కథల్లో కనబడుతోంది. రోకలి ఎవరు పట్టారో తెలియదు!

కాంపౌండుకు ఈ మూడింటితోనూ చుట్టరికం లేదు. పైగా అదీ రెండు మాటలు. ఆవరణ అనే అర్థంలోది మలయా భాషలో ఊరిని, పేటను చెప్పే ‘కంపుంగ్’ నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల మాట. మందులు కలిపే కాంపౌండరు, చక్రవడ్డీని చెప్పే కాంపౌండు వడ్డీ మాత్రం ‘కలిపి ఉంచడం’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి.