సముద్రం దాటొచ్చిన జట్టుకు టైమివ్వాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు రగ్బీ గురించే. అందుకే క్రికెట్ ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ముందు వీటికి జవాబు రాస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. మాది గుంటూరు. లీడ్స్‌లో పదహారేళ్లు ఫిజియోథెరపిస్ట్‌గా పనిచేశాను. రగ్బీ లీగ్ మీద ప్రేమ అక్కడే పుట్టింది, ఇంటికి తిరిగొచ్చినా తగ్గలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి లీడ్స్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. హెడింగ్లీ గ్రౌండు పక్కనే రూము. క్రికెట్ చూద్దామని వెళ్లి రగ్బీకి అలవాటు పడ్డాడు. ఇంగ్లండ్ లీగ్‌లో ఫ్రాన్స్ జట్టు ఆడుతోందంటాడు. మన రంజీ ట్రోఫీలో కొలంబో జట్టు ఆడితే ఎలా ఉంటుందో ఇదీ అంతేగా? ఇంకో సంగతి, ఆ ఫ్రాన్స్ ఊరికి వెళ్లి మ్యాచ్ చూస్తానంటున్నాడు. పంపొచ్చా?
– ఓ తల్లి, హనుమకొండ

అమ్మా, మీ రెండో ప్రశ్నకు చివర్లో జవాబిస్తాను. మొదటిది పెద్ద కథ.

హెడింగ్లీలో క్రికెట్ గ్రౌండు, రగ్బీ గ్రౌండు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో స్టాండు ఒక్కటే. ఇటు కూర్చుంటే టెస్టు మ్యాచ్, అటు కూర్చుంటే రగ్బీ. అక్కడ ఆడేది రగ్బీ లీగ్, జట్టుకు పదమూడు మంది. పదిహేను మంది ఆడేది రగ్బీ యూనియన్. 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కూర్చుని యూనియన్ నుంచి విడిపోయాయి. మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసే కుర్రాళ్లు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోయేది. ఆ కూలి క్లబ్బు ఇవ్వాలని వీళ్లు, ఇవ్వకూడదని యూనియన్ పెద్దలు. గొడవంతా అదే.

మీవాడు చెప్పే ఫ్రాన్స్ జట్టు కాటలాన్స్ డ్రాగన్స్. ఊరు పెర్పిన్యాన్, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర. ఈ ఆట అక్కడికి నిన్నో మొన్నో వెళ్లింది కాదు. ఫ్రాన్స్‌లో 1934లో పదమూడు మంది ఆటను మొదలుపెట్టిన జాన్ గాలియా పుట్టింది ఆ దగ్గర్లోని ఊళ్లోనే. ఎనిమిదేళ్లు తిరక్కుండానే ఆట ఎంత పాకిందంటే, 1941లో జర్మనీకి తలొగ్గిన విషీ ప్రభుత్వం దాన్ని నిషేధించి, సంఘం ఆస్తులన్నీ లాగేసుకుంది. యుద్ధం ముగిశాక ఆట తిరిగొచ్చింది కానీ ఆస్తులు తిరిగి రాలేదు. 1990ల దాకా తమ ఆటను 'రగ్బీ' అని పిలుచుకునే హక్కు కూడా వాళ్లకు లేదు. అయినా 1951లో ఆస్ట్రేలియా వెళ్లి టెస్టు సిరీస్ గెలిచొచ్చారు. డ్రాగన్స్ స్టేడియానికి ఉన్న జిల్బెర్ బ్రూట్యూస్ పేరు, నాజీలను ఎదిరించి 1944లో ప్రాణాలు కోల్పోయిన ఆ ఊరి రగ్బీ మనిషిది. అలాంటి నేల అది. కొలంబో పోలిక అందుకే కుదరదు. ఇంగ్లండ్ లీగ్ అక్కడికి ఆటను మోసుకెళ్లలేదు, అక్కడున్న ఆటకు తలుపు తీసింది.

2006లో డ్రాగన్స్‌ను ఇంగ్లండ్ పై డివిజన్ అయిన సూపర్ లీగ్‌లోకి తీసుకున్నప్పుడు, మూడేళ్ల పాటు ఆఖరున నిలిచినా కింది డివిజన్‌కు దించబోమని మాటిచ్చారు. మొదటి ఏడాదే పన్నెండో స్థానం వచ్చింది. మాట ప్రకారం వాళ్లను ఉంచి, పదకొండో స్థానంలో ఉన్న ఇంగ్లండ్ జట్టు కాసిల్‌ఫోర్డ్‌ను దించారు.

ఆ శరత్కాలంలో నా దగ్గరికి కాసిల్‌ఫోర్డ్ పెద్దాయన ఒకరు వచ్చేవారు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి, మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు ఆయన కాలు వంచి, ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచేదాన్ని. నొప్పికి పళ్లు బిగించేవారు తప్ప మూలిగేవారు కాదు. కానీ రగ్బీ మాట వస్తే మాత్రం కళ్లలో నీళ్లు తిరిగేవి. "వాళ్లకంటే పైన ఉన్నాం. మమ్మల్ని దించారు" అనేవారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నాకు ఏం చెప్పాలో తెలిసేది కాదు, ఇప్పుడూ తెలీదు. కొత్త జట్టును నిలబెట్టేందుకు పెట్టిన ఖర్చులో కొంత ఆయన లాంటివాళ్లు కట్టారు. విస్తరణ గురించి మాట్లాడే పెద్దలు ఈ సంగతి పైకి చెప్పరు, అదే నాకు బాధ.

మరి ఆ ఇచ్చిన టైము వృథా పోయిందా అంటే, పోలేదు. మరుసటి ఏడాదే వాళ్లు నాకౌట్ పోటీ అయిన చాలెంజ్ కప్ ఫైనల్‌కు వచ్చారు. 2018లో వెంబ్లీలో వారింగ్టన్‌ను 20–14తో ఓడించి ఆ కప్పు ఫ్రాన్స్‌కు పట్టుకెళ్లారు. ఇంగ్లండ్ బయటి జట్టు దాన్ని గెలవడం అదే మొదటిసారి. 2019లో విగన్‌తో మ్యాచ్‌ను బార్సిలోనా క్యాంప్ నౌలో పెడితే 31,555 మంది వచ్చారు. 2021లో లీగ్ పట్టికలో మొదటి స్థానం వాళ్లదే, చాంపియన్‌ను తేల్చే గ్రాండ్ ఫైనల్ మాత్రం రెండు పాయింట్ల తేడాతో చేజారింది.

డ్రాగన్స్ కంటే ముందు 1996లో పారిస్‌లో ఓ జట్టు పెట్టారు. మొదటి మ్యాచ్‌కు 17,873 మంది వచ్చారు, జట్టు గెలిచింది కూడా. రెండేళ్లలో మూతపడింది. పారిస్ పెద్ద నగరమే, కానీ పదమూడు మంది ఆట ఊళ్లన్నీ దక్షిణాన ఉన్నాయి. రెండో ఏడాదికి జట్టు నిండా ఆస్ట్రేలియా వాళ్లే. చూసేవాళ్లకు తమవాడు అనుకునే ముఖమే లేకుండా పోయింది.

ప్రశ్న: అక్కా, మేం మిస్సిసాగాలో ఉంటాం. మావారూ నేనూ ఇంగ్లండ్ లీగ్‌లో ఆడే మా ఊరి జట్టు టొరంటో వుల్ఫ్‌ప్యాక్ మ్యాచ్‌లకు వెళ్లేవాళ్లం. ఒక్క కోవిడ్ దెబ్బకే జట్టును తీసేస్తారా? ఇంగ్లండ్ క్లబ్బులు చేసింది న్యాయమేనా?
– ఓ పాఠకురాలు, కెనడా

నీ ఉత్తరం చదవగానే నాకు 2019 అక్టోబరు 5 గుర్తొచ్చింది. దసరాకని మా చెల్లెలి ఇంటికి వచ్చాను, వాళ్లదీ మిస్సిసాగాయే. ఇంట్లో బొమ్మల కొలువు. పేరంటం వేళకు వచ్చేస్తామని చెల్లెలికి మాటిచ్చి, మరిదిగారిని వెంటబెట్టుకుని లాంపోర్ట్ స్టేడియానికి వెళ్లాను. సూపర్ లీగ్‌లోకి ఎవరు వెళ్లాలో తేల్చే మ్యాచ్, ఎదురుగా ఇంగ్లండ్ జట్టు ఫెదర్‌స్టోన్. దాదాపు పది వేల మంది. నా ముందు మెట్టు మీద ఓ పన్నెండేళ్ల పిల్ల, బంతి పట్టినవాణ్ని ఎదుటివాళ్లు పట్టి ఆపే ప్రతి ట్యాకిల్‌కూ ఒక వేలు ముడుస్తూ లెక్కపెట్టింది. ఈ ఆటలో ఆరో ట్యాకిల్‌తో బంతి ఎదుటి జట్టుకు పోతుంది కదా. అయిదు వేళ్లూ ముడిచాక ఊపిరి బిగబట్టి, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకునేది. 24–6తో గెలిచారు. మెట్ల మీద ఎవరూ కూర్చోలేదు. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

ఆ పిల్ల తన ఊళ్లో సూపర్ లీగ్ మ్యాచ్ ఒక్కటీ చూడలేదు. టొరంటో మంచు వల్ల 2020 మొదటి మ్యాచ్‌లన్నీ ఇంగ్లండ్‌లోనే పెట్టారు. ఆరు లీగ్ మ్యాచ్‌లు ఆడి ఆరూ ఓడారు. ఇంతలో కోవిడ్. జట్టు ఒక్క యజమాని జేబు మీద నడిచేది. ఆ జేబు ఖాళీ అయ్యేసరికి ఆటగాళ్ల జీతాలు ఆగాయి, జూలైలో జట్టు తప్పుకుంది. మళ్లీ చేర్చుకోవాలా అని నవంబరులో ఓటు పెడితే క్లబ్బులు వద్దన్నాయి.

నా మాట సూటిగా చెబుతాను, అది న్యాయం కాదు. మిగతా క్లబ్బులకిచ్చే టీవీ డబ్బు వీళ్లకివ్వలేదు. పైగా 2017లో మూడో డివిజన్‌లో మొదలైనప్పటి నుంచీ, టొరంటో వచ్చే జట్ల విమాన ఖర్చులు కూడా వీళ్లే పెట్టుకున్నారు. నా పేషెంట్లలో కింది డివిజన్ ఆడే కుర్రాడొకడు ఉండేవాడు. పగలు ఎలక్ట్రీషియన్ పని, సాయంత్రం ప్రాక్టీసు. అట్లాంటిక్ దాటడం అతనికి అదే మొదటిసారి. వచ్చాక వారం రోజులు నిద్ర సరిపడక తొడ కండరం పట్టేసి నా దగ్గరికొచ్చాడు. అయినా నొప్పి గురించి చెప్పింది తక్కువ, టొరంటోలో చిన్నపిల్లలు తన ఆటోగ్రాఫ్ అడిగారన్నదే ఎక్కువ. అలాంటి సంతోషం పంచిన జట్టును ఒక్కసారి ఓటింగు పెట్టి తీసేశారు.

ఆక్లండ్ వాళ్లకు జరిగింది దీనికి పూర్తిగా వేరు. న్యూజిలాండ్ వారియర్స్ 1995 నుంచీ ఆస్ట్రేలియా లీగ్‌లో ఉన్నారు. కోవిడ్‌లో సరిహద్దులు మూస్తే జట్టు మొత్తం ఆస్ట్రేలియాకు మకాం మార్చింది. నెలల తరబడి భార్యాపిల్లలకు దూరంగా ఉన్నవాళ్లున్నారు. లీగ్ వాళ్లను వదల్లేదు, వాళ్లూ లీగ్‌ను వదల్లేదు. 2022 జూలై 3న సొంతగడ్డ మీద మళ్లీ ఆడినప్పుడు స్టేడియం నిండిపోయింది, గెలిచారు.

అయితే టొరంటోలో ఒక లోటు నాకూ కనిపించింది. మైదానంలో ఉన్నవాళ్లలో కెనడా పిల్లలు దాదాపు లేరు. ఇంకో అయిదేళ్లు ఆగి ఉంటే, ఆ వేళ్ల మీద లెక్కపెట్టిన పిల్ల తరంలోంచి ఎవరో ఒకరు వచ్చేవారు. ఆ అయిదేళ్లు ఇవ్వలేదనే నా కోపం.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. పాపువా న్యూ గినియా రగ్బీ జట్టు కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం 60 కోట్ల డాలర్లు ఇస్తోందని చదివాను. ఇది ఆటా, రాజకీయమా?
– ఓ విద్యార్థి, కర్నూలు

బాబూ, రెండూ. 2024 డిసెంబరులో రెండు దేశాల ప్రధానులు, ఆల్బనీజ్, మరాపే, కలిసి ప్రకటించారు. అవి ఆస్ట్రేలియా డాలర్లు, పదేళ్లలో ఇచ్చేవి. అంతా ఒక్క జట్టుకే కాదు, ఆ దేశంలోనూ పసిఫిక్ దీవుల్లోనూ ఆటను పెంచడానికీ అందులోంచే. జట్టు 2028లో ఆస్ట్రేలియా లీగ్‌లోకి దిగుతుంది. సాలమన్ దీవులు 2022లో చైనాతో భద్రతా ఒప్పందం చేసుకున్నప్పటి నుంచీ ఆస్ట్రేలియాకు పసిఫిక్ గురించి టెన్షన్ పట్టుకుంది. పాపువా న్యూ గినియా తమ వైపే ఉండాలన్న ఆలోచన ఈ డబ్బు వెనక ఉంది.

కానీ రాజకీయం అనేసి పక్కన పెట్టకు. ఎనిమిది వందలకు పైగా భాషలున్న దేశం అది. పక్క లోయవాళ్ల మాట కూడా అర్థం కాని చోట అందరికీ తెలిసిన సంగతి రగ్బీ లీగ్. అది వాళ్ల జాతీయ క్రీడ. 2014లో పాపువా న్యూ గినియా హంటర్స్ అనే జట్టును, అచ్చంగా వాళ్ల కుర్రాళ్లతో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కప్ పోటీలోకి పంపితే 2017లో ఫైనల్ 12–10తో గెలుచుకొచ్చారు. చింబూ కొండల్లో పుట్టిన జస్టిన్ ఓలమ్ యూనివర్సిటీలో అప్లైడ్ ఫిజిక్స్ చదివి, హంటర్స్‌కు ఆడి, అక్కణ్నుంచి ఆస్ట్రేలియా లీగ్ జట్టు మెల్‌బోర్న్ స్టార్మ్‌కు వెళ్లి 2020లో చాంపియన్ జట్టులో నిలిచాడు. నువ్వు డిగ్రీ చదువుతున్నావు కాబట్టి ఈ పేరు గుర్తుపెట్టుకో.

నాకున్న భయమల్లా ఒక్కటే. కొత్త జట్టు ఆటగాళ్లకు ఆ దేశంలో ఆదాయపన్ను ఉండదు. దాంతో ఆస్ట్రేలియా స్టార్లు పరుగెత్తుకొస్తారు. రావాలి కూడా, గెలవాలంటే అనుభవం కావాలి. కానీ చింబూ, హాగెన్ లాంటి చోట్ల పుట్టిన అక్కడి కుర్రాళ్లు గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టే పరిస్థితి వస్తే పారిస్ కథే మళ్లీ. 2028లో మొదటి మ్యాచ్ రోజు నేను స్కోరు కంటే ముందు జట్టు జాబితా చూస్తాను. ఎన్ని పేర్లు హంటర్స్ నుంచి వచ్చాయో లెక్కపెడతాను.

ప్రశ్న: మన హైదరాబాద్ హీరోస్ ఆడేదీ ఇదే ఆటేనా?
– ఓ పాఠకుడు, సికింద్రాబాద్

కాదండీ. 2025 జూన్‌లో ముంబైలో హీరోస్ ఆడిన రగ్బీ ప్రీమియర్ లీగ్ ఏడుగురి ఆట, యూనియన్ వైపు నుంచి వచ్చింది. అక్కడ దేశం బయటి జట్లు లేవు, బయటి ఆటగాళ్లు మన జట్లలో ఆడారు. చెన్నై బుల్స్ గెలిచింది.

ఇక హనుమకొండ అమ్మగారికి.

పంపండమ్మా. అయితే బ్రిటన్ స్టూడెంట్ వీసాతో ఫ్రాన్స్ వెళ్లడం కుదరదు, షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి. వేసవిలో స్లాట్లు దొరకవు, ముందుగానే అప్లై చేయమనండి. బార్సిలోనా దాకా విమానంలో వెళ్లి రైలెక్కితే గంటన్నరలోపే పెర్పిన్యాన్, వీసా రెండిటికీ అదే. నేను రెండుసార్లు వెళ్లాను. జూలైలో సాయంత్రం మ్యాచ్ అయినా ఎండ మన గుంటూరు ఎండే, టోపీ, నీళ్లు ఉండాలి. శాకాహారి అయితే స్టేడియం దగ్గర బంగాళాదుంప వేపుళ్లు తప్ప ఏమీ దొరకలేదు నాకు. రెండోసారి పులిహోర కలుపుకుని వెళ్లాను. లీడ్స్ జెర్సీ వేసుకున్నా ఫర్వాలేదు, పక్కవాళ్లు భాష రాకపోయినా జరిగి చోటిస్తారు. స్టేడియం పేరు ఎవరిదో మాత్రం ముందే చెప్పి పంపండి.