తేళ్ల సర్వేకి బయల్దేరే అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

తేళ్ల శాస్త్రవేత్త గ్యారీ పోలిస్ జ్ఞాపకార్థం కాలేజీలో ఏదైనా చేద్దామనుకుంటున్నామని రాశావు. సభ వద్దమ్మా, సర్వే చేయండి. కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఇసుకలో ఆయన ఏళ్ల తరబడి చేసింది అదే. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, తేళ్లని మెరిపించే అల్ట్రావయొలెట్ (యూవీ) లైటు వేసి, కనిపించిన ప్రతి తేలునూ రాసుకునేవాడు.

యూవీ టార్చి 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంది కొనండి. 395ది చవకే గానీ, దాని ఊదా వెలుగులో తేలు మెరుపు సగం కలిసిపోతుంది. అమావాస్యకి అటూ ఇటూ ఉన్న రాత్రులైతే మేలు. కళ్లకి యూవీని ఆపే అద్దాలు తప్పనిసరి. అప్పుడే కుబుసం విడిచిన తేలు మెరవదు, పైపెంకు గట్టిపడ్డాకే ఆ ఆకుపచ్చ వెలుగు వస్తుంది. అందుకని నోటుబుక్కులో "కనిపించలేదు" అని రాయండి, "లేవు" అని రాయకండి.

టైము, నేల వేడి, తేలు ఏం చేస్తోందన్నది అందరూ రాస్తారు. సైజు మాత్రం వదిలేస్తారు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తల మీది పెంకు పొడవు మిల్లీమీటర్లలో కొలవండి. పెద్దవీ పిల్లలూ ఒకే వేళకి, ఒకే కాలంలో బయటికి రావని, పెద్దవి పిల్లల్ని తినేయడం దానికో ముఖ్య కారణమని పోలిస్ చూపించగలిగాడంటే, వయసులవారీగా లెక్క రాసుకున్నందుకే. మొత్తం సంఖ్య ఒక్కటే రాసుంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

గుర్తు పెట్టాలంటే సన్నని కుంచెతో వీపు మీద మెరిసే రంగు చుక్క చాలు. తల మధ్యనున్న కళ్లకీ, కీళ్లకీ అంటనివ్వకండి. ఎదిగినవాటికే పెట్టండి, పిల్లలకి కుబుసంతో పాటే పోతుంది.

పట్టుకోవడానికి 30 సెంటీమీటర్ల పట్టకారు, కొసలకి స్పాంజి. తోకని కొండికి కాస్త కిందగా పట్టాలి, నొక్కకూడదు. ఎత్తిన రాయిని ఎలా ఉందో అలాగే పెట్టండి, లేకపోతే కింది తేమ ఆరిపోయి ఆ చోటు ఇంక దేనికీ పనికిరాదు. మండ్రగబ్బ ముందరి డెక్కల పట్టుతో బలం చూపిస్తుంది. సన్నని డెక్కలు ఉన్న చిన్న ఎర్రతేలే ప్రాణాంతకం. కుడితే కోయడం, బిగించి కట్టడం వద్దు. చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లడానికి ఒక్క నిమిషం కూడా ఆగకండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే రక్తపోటు మందుతో తేలు కుట్టినవాళ్ల ప్రాణాలు నిలబెట్టి దారి చూపించారు. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉంటుందో వెళ్లకముందే కనుక్కోండి.

ఇంకొకటి. 2000 మార్చిలో గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియాలో పెనుగాలులకి పడవ తిరగబడి పోలిస్, ఆయన సహచరులు నలుగురు చనిపోయారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఉరుము వినిపిస్తే సగంలోనైనా ఆపేసి వచ్చేయండి. ఒంటరిగా ఎవరూ వెళ్లొద్దు.

తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 1960ల్లోనే నల్లతేళ్ల శరీరంలో రేయింబవళ్లతో వచ్చే మార్పుల మీద పని జరిగింది, ఆ పేపర్లు ముందు చదువుకోండి. మొదటి రాత్రికి వంద మీటర్ల తాడు ఒకటి నేల మీద పరిచి, దానికి అటూ ఇటూ రెండేసి మీటర్లలో వెతికితే చాలు. మళ్లీ నెల కూడా అదే తాడు, అదే చోట.