తాబేలుకు పగలెంత అవసరమో రాత్రీ అంతే అవసరం

ఈ నెల అందిన ఉత్తరాలలో గాజుతొట్టెల్లో పెంచే తాబేళ్ల వెలుతురు గురించి, వాటి నిద్ర గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. అన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల నుంచి వచ్చినవే కనుక, సముద్రతీరపు ఉక్కనూ కొరాపుట్ కొండల చలినీ దృష్టిలో పెట్టుకొని సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి): మా అబ్బాయి పట్టుబట్టి కొనిపించుకున్న తాబేళ్లు రెండు, కంటి వెనుక ఎర్రచార ఉన్నవి, ఏడాదిగా మా ఇంట్లో ఉన్నాయి. తొట్టెను హాల్లో టీవీ పక్కన, కిటికీకి దగ్గరగా పెట్టాము. పొద్దున్నే కిటికీలోంచి ఎండ బాగా పడుతుంది కనుక వేరే లైటు అమర్చలేదు. రాత్రి పదకొండున్నర దాకా టీవీ నడుస్తుంది. ఆ తరువాత తొట్టెలోని నీలం ఎల్‌ఈడీ దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. చీకట్లో మూగజీవాలు బెదురుతాయని మా అత్తగారు దాన్ని ఆర్పనివ్వరు. ఈమధ్య ఒకదాని డిప్ప అంచు వేలితో నొక్కితే మెత్తగా తగులుతోంది. రాత్రిళ్లు రెండూ గాజుకు కొట్టుకుంటూ ఈదుతూనే ఉంటాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ మెత్తబడిన డిప్ప సంగతి చూడాలి, ఎందుకంటే అది వారం పది రోజులు ఆగి చూద్దామనుకోదగినది కాదు. ఏడాది వయసున్న తాబేలుకు డిప్ప గట్టిగా ఉండాలి. దాన్ని పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లి, తూకం వేయించి, కాల్షియం ఎంత ఇవ్వాలో వారి చేతే నిర్ణయింపజేయండి. సొంతంగా మాత్రలు పొడిచేసి నీళ్లలో కలపవద్దు.

మీ దగ్గర ఉన్నవి ఎర్రచెవుల తాబేళ్లు. వీటి పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతం. అక్కడ ఇవి నీళ్లలో మేసి, చల్లబడగానే దుంగల మీదికెక్కి ఎండ కాచుకొని, ఒళ్లు వేడెక్కాక మళ్లీ నీళ్లలోకి జారుతూ పగలంతా గడుపుతాయి. ఎండలో వీటికి కావలసినవి రెండు. ఒకటి వేడి, ఎందుకంటే తిన్నది అరగాలన్నా ఇవి ఒంటి వేడిని బయటి నుంచే తెచ్చుకోవాలి. రెండవది అతినీలలోహిత కిరణాలలో యూవీబీ అనే భాగం, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలది. అది చర్మం మీద పడితేనే ఒంట్లో డి3 విటమిను తయారవుతుంది. ఆ విటమిను లేనప్పుడు మేతలో ఎంత కాల్షియం ఉన్నా సరిగా ఒంటబట్టదు. రక్తానికి కావలసిన కాల్షియాన్ని శరీరం ఎముకల్లోంచి, డిప్పలోంచి లాక్కుంటుంది. మీ తాబేలు డిప్ప మెత్తబడడానికి ఇదే కారణమని మీరు రాసిన వివరాలను బట్టి అనిపిస్తోంది.

కిటికీ ఎండ ఉంది కదా అని మీరు అనుకోవడం సహజమే. అయితే యూవీబీని మామూలు గాజు దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. మీ ఇంట్లో కిటికీ అద్దం ఒకసారి, తొట్టె గాజు మరోసారి దాన్ని అడ్డుకుంటున్నాయి. వెలుగూ వేడీ లోపలికి వస్తాయి, అసలు కావలసింది మాత్రం బయటే నిలిచిపోతుంది. పైగా మే నెలలో ఆ కిటికీ పక్కన గాజుతొట్టెలోని నీరు ఎంత వేడెక్కుతుందో ఊహించడానికే భయం వేస్తుంది. కనుక తొట్టెను కిటికీకి దూరంగా జరిపి, దాని మీద రెండు దీపాలు అమర్చండి: వేడి కోసం ఒక హాలోజెన్ బల్బు, యూవీబీ కోసం సరీసృపాలకని ప్రత్యేకంగా అమ్మే ట్యూబు. రెండూ ఒకే చోట, తాబేలు ఎక్కి పూర్తిగా ఒళ్లు ఆరబెట్టుకోగల రాయి మీదనే పడాలి. ఆ రాయి మీద, తాబేలు వీపు ఉండే ఎత్తులో, థర్మామీటరు 32 నుంచి 35 డిగ్రీలు చూపాలి; నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలు. యూవీబీ ట్యూబు మామూలుగా రాయికి 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, కానీ ట్యూబును బట్టి ఇది మారుతుంది కనుక పెట్టె మీద ముద్రించిన దూరాన్నే పాటించండి. మధ్యలో గాజుమూత గానీ ప్లాస్టిక్ మూత గానీ ఉండకూడదు. అలాగే వారంలో రెండు మూడు రోజులు ఉదయం ఎనిమిదింటి తరువాత వాటిని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో, సగం నీడ ఉండేటట్టు డాబా మీద ఓ ఇరవై నిమిషాలు ఉంచండి. మీరు పక్కనే కూర్చోవాలి, ఎందుకంటే చిన్న తాబేలును ఎత్తుకుపోవడం కాకికి క్షణం పని.

ఇక రాత్రి సంగతి. తాబేలు పెంచేవారు దీపం కొనడానికి పడే తాపత్రయంలో పదో వంతు కూడా దాన్ని ఆర్పే విషయంలో పడరు, ఇది నన్ను చాలా బాధపెట్టే సంగతి. మీ అత్తగారిది జాలి గుండె, కానీ తాబేలుకు చీకటంటే భయం లేదు, చీకటే దానికి విశ్రాంతి. చీకటి పడినప్పుడు మెదడులో మెలటోనిన్ అనే పదార్థం ఊరి, ఇక రాత్రయిందని ఒళ్లంతటికీ తెలియజేస్తుంది. తెల్లవార్లూ దీపం వెలిగే తొట్టెలో ఆ కబురే అందదు. నీలం దీపం, ఎర్ర దీపం వాటికి కనబడవని దుకాణాల్లో చెబుతుంటారు, అది నిజం కాదు. ఎర్రచెవుల తాబేళ్లకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో పాటు మన కంటికి కనబడని అతినీలలోహితమూ కనబడుతుంది. అందువల్ల ఏ రంగు దీపమైనా వాటికి దీపమే.

పర్లాకిమిడిలో పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటల పైచిలుకు ఉంటుంది. దానికి తగ్గట్టు ఉదయం 6:30కు వెలిగి సాయంత్రం 6:30కు ఆరేటట్లు రెండు దీపాలనూ ఒకే ప్లగ్గు టైమరుకు కలపండి. ఎలక్ట్రికల్ దుకాణాల్లో గంటల పళ్లు తిప్పి పెట్టుకొనే టైమరు దొరుకుతుంది. మనిషి చేత్తో వేసి ఆర్పే దీపం రోజుకో వేళ తప్పుతుంది. టీవీ మానమని ఇంట్లో ఎవరినీ అడగనక్కరలేదు, తొట్టెనే నిశ్శబ్దంగా ఉండే మరో గదికి మార్చండి. అది కుదరకపోతే, దీపాలు ఆరి బల్బు చల్లబడిన తరువాత, టీవీ వైపున్న గాజుకు మందపాటి దుప్పటి వేలాడదీసి, పైభాగం మాత్రం గాలి ఆడేటట్టు వదిలేయండి.

ఈ ఏర్పాటు చేశాక మొదటి వారంలోనే మీకు తేడా కనబడవచ్చు. మా ఇంట్లో పెరుగుతున్న ఆడ తాబేలు దీపం ఆరిన కాసేపటికి ఫిల్టరు గొట్టం వెనుక మూలకు చేరి, గడ్డాన్ని రాతి మీద ఆనించి, వెనుక కాళ్లు రెండూ బారుగా చాపేస్తుంది. కింది రెప్ప మెల్లగా పైకి లేచి కన్ను మూసుకుంటుంది. నడిరేయి లేచి చూసినప్పుడు ఒక్కోసారి అది నిద్రమత్తులోనే పైకి తేలి, ముక్కు కొన మాత్రం నీటిపైకి పెట్టి ఊపిరి తీసుకొని, మళ్లీ అదే రాతి దగ్గరికి దిగిపోతుంది. నీటి అడుగున కదలకుండా పడి ఉన్న తాబేలును చూసి మునిగిపోయిందేమోనని కంగారుపడి పుల్లతో పొడిచి లేపేవారున్నారు. దయచేసి అలా చేయవద్దు. కొన్ని నీటి అడుగున, కొన్ని రాతి మీద, పిల్లలైతే నీటి ఉపరితలం మీద తేలుతూ కూడా నిద్రపోతాయి. వాటికి ఆనుకోవడానికి ఒక రాయో, అడ్డంగా పెట్టిన పెంకో ఉంటే చాలు.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి): ఆన్‌లైన్‌లో యూవీ దీపం అని చూసి తెప్పించి మా తాబేలు తొట్టెకు పెట్టాను. ఊదారంగు వెలుగు వస్తుంది. రెండు రోజులుగా తాబేలు పగటిపూట కూడా కళ్లు మూసుకొనే ఉంటోంది. దీపం వల్ల నిద్ర ఎక్కువయిందా?

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందిన వెంటనే ఆ దీపాన్ని ఆర్పేయండి. యూవీ పేరుతో మూడు రకాల దీపాలు అమ్ముతారు. దోమలను ఆకర్షించడానికి వాడే ఊదారంగు దీపాల్లో ఉండేది యూవీఏ, దానితో డి3 తయారవదు. నీటిని శుద్ధి చేసే యంత్రాల్లోనూ, గదుల్లో సూక్ష్మక్రిములను చంపడానికీ వాడేది యూవీసీ, సుమారు 254 నానోమీటర్లది. అది నేరుగా పడితే తాబేలు కళ్లకే కాదు, మీ కళ్లకూ చర్మానికీ హాని. మీకు కావలసిన దీపం పెట్టె మీద యూవీబీ అని, 5 శాతమో 10 శాతమో స్పష్టంగా రాసి ఉంటుంది. దాన్ని 6 నుంచి 12 నెలలకు ఒకసారి మార్చాలి. వెలుగు ఎప్పటిలాగే వస్తున్నా లోపల యూవీబీ తగ్గిపోతుంది, కంటితో చూసి పోల్చుకోలేము. ట్యూబు కొస మీద అమర్చిన తేదీని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోండి.

మీ తాబేలు నిద్రపోవడం లేదు, దానికి కళ్లు మండుతుండవచ్చు. దీపం తీసేసిన రెండు రోజుల్లో కళ్లు తెరవకపోయినా, రెప్పలు ఉబ్బి కనబడినా వైద్యునికి చూపించండి. ఎండురొయ్యలు మాత్రమే మేతగా వేసే ఇళ్లలో ఎ విటమిను లోపం వల్ల కూడా రెప్పలు ఇలాగే ఉబ్బుతాయి, దాన్ని కూడా చాలామంది నిద్రే అనుకుంటారు.

ప్రశ్న (కొరాపుట్ నుంచి ఒక ఉపాధ్యాయుడు): డిసెంబరు నుంచి మా తాబేలు మేత ముట్టడం లేదు, రోజంతా అడుగునే పడుకుంటోంది. ఉదయం నీటిలో థర్మామీటరు పెడితే 17 డిగ్రీలు ఉంది. ఇది శీతనిద్ర అని, కదిలించవద్దని మిత్రులు అంటున్నారు.

జవాబు: మాస్టారూ, మీ మిత్రుల మాట ఇక్కడ పొసగదు. తమ సొంత దేశంలో ఈ తాబేళ్లు శీతకాలంలో బాగా చల్లబడిన చెరువు అడుగున, ఒళ్లు దాదాపు పనిచేయడం మానేసిన స్థితిలో గడుపుతాయి. 17 డిగ్రీలు అటూ ఇటూ కాని చలి. ఆకలి చచ్చిపోతుంది, తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకొనే శక్తి తగ్గుతుంది, కానీ ఒళ్లు పూర్తిగా నిద్రలోకి వెళ్లదు. ఇంట్లో పెంచే తాబేలును శీతనిద్రకు వదలనే కూడదని నా అభిప్రాయం.

నీటిలో ముంచే హీటరు పెట్టి, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ 25 దగ్గర నిలపండి. 100 లీటర్ల నీటికి సుమారు 100 వాట్ల హీటరు సరిపోతుంది. తాబేలు గాజు హీటరును గుద్ది పగలగొడుతుంది కనుక, చిల్లులు పొడిచిన పీవీసీ గొట్టంలో దాన్ని ఉంచండి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు తీసేయండి. రాత్రి గది మరీ చల్లబడితే వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరును రాతిపైన వేలాడదీయవచ్చు. ఒరిగి ఈదడం, ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం వీటిలో ఏది కనబడినా అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, ఆ రోజే వైద్యునికి చూపించండి.

ప్రశ్న (జయపురం నుంచి ఒక విద్యార్థి): వానకు మా పొలం గట్టు మీద నున్నని డిప్ప ఉన్న తాబేలు దొరికింది. దానికీ ఇవే దీపాలు పెట్టవచ్చా?

జవాబు: బాబూ, దానికి దీపాలు వద్దు, దాన్ని పెంచవద్దు. అలాంటి మన చెరువు తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అటవీశాఖ వారికి కబురు చేసి వారికి అప్పగించు.

ప్రశ్న (ఛత్రపురం నుంచి ఒక పాఠకుడు): రుషికుల్య ముఖద్వారం దగ్గర సముద్రపు తాబేళ్ల పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో తీరంలో దీపాలు ఆర్పమంటారు. మా ఇంటి తాబేలుకు కూడా రాత్రి దీపం వద్దనడానికి అదే కారణమా?

జవాబు: కారణాలు వేరు. పొడంపేట వైపు ఇసుకలో పొదిగిన ఆలివ్ రిడ్లీ పిల్లలు గూట్లోంచి పైకి రాగానే ఎటు వెలుగు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. మామూలు రాత్రుల్లో సముద్రం మీది ఆకాశమే నేల వైపుకన్నా తెల్లగా ఉంటుంది కనుక అవి నీటికి చేరతాయి. ఊరి దీపాలు వెలుగుతుంటే దారి తప్పి రోడ్డు వైపు వచ్చేస్తాయి. అక్కడ దీపం దారిని చెడగొడుతుంది, మీ తొట్టెలో నిద్రను చెడగొడుతుంది. మీ తాబేలును పెంచలేని పరిస్థితి వచ్చినా రుషికుల్యలోనో, ఊరి చెరువులోనో మాత్రం వదలవద్దు; పరాయి నీళ్లలో చేరి అక్కడి తాబేళ్ల మేతనూ, ఎండ కాచుకొనే చోటునూ ఆక్రమించే జీవిగా ఇది ప్రపంచమంతటా పేరుపడింది. మీ ఇల్లు తీరానికి దగ్గరదైతే, ఏప్రిల్, మే నెలల్లో ఇంటి దీపాలు సముద్రం వైపు కనబడకుండా చీకటి పడకముందే కిటికీకి మందపాటి పరదా వేయండి.