కణం పెద్దదైతేనే రెండుగా చీలుతుందా? నా ఉల్లిగడ్డ కథ

"కణం పెరుగుతూ పోయి, ఇక పట్టనంత పెద్దదైనప్పుడు రెండుగా విడిపోతుందా?" అని బైపీసీ చదివే తమ్ముడొకరు అడిగారు. అట్లా కాదు తమ్ముడూ. పెరగడం ఒక పని, విడిపోవడం వేరే పని. చాలా కణాల్లో రెండూ జోడెడ్ల లాగా కలిసి నడుస్తాయి కాబట్టి మనకు ఒకటే అనిపిస్తుంది. నాకు ఇది బుర్రకెక్కింది మాత్రం ఒక ప్రాక్టికల్ చెడగొట్టుకున్నాకే.

నేను నల్గొండలో బీజెడ్‌సీ డిగ్రీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివాను. ఉల్లి వేరు కొసలో సమవిభజన, అంటే ఒక కణం ఒకే తీరు రెండు కణాలుగా విడిపోవడం, చూపించాలి. రూమ్‌లో చాయ్ గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన ఉల్లిగడ్డ కూర్చోబెడితే మూడు రోజులకు తెల్లగా సేమ్యా లాంటి వేళ్లు దిగాయి. పొద్దున్నే లేచి కత్తిరించుకుని పోవాలి. నాకేమో బస్సు టైమ్ అయిపోతుందని టెన్షన్, గబగబా ఒక వేరును గడ్డ దగ్గర తెంపి, అందులో కూడా పై ముక్క సీసాలో వేసుకుని కొసను చెత్తలో పడేశాను. ల్యాబ్‌లో అందరి లాగే ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు పోశాను, స్పిరిట్ దీపం మీద వేడి చేశాను, కవర్ స్లిప్ పెట్టి బ్లాటింగ్ కాగితం మీద నుంచి బొటనవేలితో నొక్కాను. పది మందికి ఒక్క మైక్రోస్కోపు, నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం. చూస్తే పొడుగు పొడుగు గళ్లు, ఒక్కో గడిలో ఒక పక్కకు జరిగిన ఎర్రటి చుక్క. అంతే. పక్కవాడి స్లైడ్‌లో క్రోమోజోములు దారప్పోగుల్లా కనిపిస్తున్నాయి, ఒక కణంలో మధ్యన వరుస కట్టాయి, ఇంకోదాంట్లో అటూ ఇటూ లాక్కుపోతున్నాయి. మా సార్ వంగి నాది చూసి, "ఏందయ్యా ఇది, కొస పారేసి కట్టె తెచ్చినవా?" అన్నారు. అందరూ నవ్వారు. రికార్డు మీద ఆ రోజు సంతకం పడలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే నేను చూసిందే అసలు సంగతి అనిపిస్తుంది. వేరులో విభజన జరిగేది చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే. దాని వెనక ఉన్న కణాలు ఇక విడిపోవు, లోపలి రిక్తికలోకి (కణంలో ఉండే నీటి సంచిలోకి) నీళ్లు పీల్చుకుని ఎన్నో రెట్లు పొడుగవుతాయి. వేరు మట్టిలోకి దూసుకుపోయే తోపు అక్కడిదే. సార్ ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజు నేను హీరోని. కానీ మన దగ్గర ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అని నాలుగు బొమ్మలు గీస్తే మార్కులు పడతాయి, పెరుగుదలకు బొమ్మ లేదు కాబట్టి ఎవరూ అడగరు. ఇప్పటి కాలేజీల సంగతి ఇంకా అన్యాయం, మా మేనకోడలు రెండేళ్లలో ఒక్కసారి కూడా మైక్రోస్కోపులో కన్ను పెట్టలేదు, రికార్డు మాత్రం రంగు పెన్సిళ్లతో మెరిసిపోతోంది.

ఆ నాలుగు దశలు కణం జీవితంలో చిన్న ముక్క. ల్యాబ్‌లో పెంచే మనిషి కణానికి ఒక చుట్టు దాదాపు 24 గంటలు అనుకుంటే, విభజనకు పట్టేది ఒక గంట. మిగతా కాలమంతా అంతర్దశ: ప్రొటీన్లు తయారు చేసుకోవడం, డీఎన్ఏను రెండింతలు చేసుకోవడం, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసుకోవడం. ఈ తనిఖీలు, వాటిని నడిపే ప్రొటీన్ల గుట్టు విప్పినందుకే 2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. నర్స్ చూసిన ఈస్టులో ఒక రకం ఉంది, ఒక జన్యువు చెడితే అది మామూలు సైజుకు రాకముందే విడిపోతుంది, పిల్ల కణాలు చిన్నగా పుడతాయి. ఇక పట్టకపోవడం వల్లే చీలేదైతే అట్లా ఎందుకు జరుగుతుంది చెప్పండి.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే ల్యాబుల్లో పెంచే ఆఫ్రికా కప్ప గుడ్డును చూడండి. ఫలదీకరణ అయ్యాక వరుసగా 12 సార్లు విడిపోయి దాదాపు 4 వేల కణాలవుతుంది, మొత్తం కలిపి చూస్తే మాత్రం మొదటి గుడ్డు అంతే. కత్తితో కేకు కోసినట్టే, పెరుగుదల అనేదే లేదు.

దానికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ మన చేలల్లోనే ఉంది, నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. పత్తి! దూదిలో ఒక్క పోగు అంటే ఒక్క కణం. గింజ పైపొరలోని ఒక కణం, పువ్వు విచ్చుకునే రోజుకు కొంచెం పైకి ఉబికి, ఒక్కసారి కూడా విడిపోకుండా మూడు వారాల పాటు సాగి సాగి దాదాపు మూడు సెంటీమీటర్లవుతుంది. అట్లాంటివి ఒక్కో గింజ మీద 10 వేలకు పైనే. సాగడానికి బలం మళ్లీ నీళ్లే, లోపలి ఒత్తిడే. తర్వాత గోడకు సెల్యులోజ్ పొరలు వేసుకుంటుంది, కాయ పగిలేసరికి కణం చచ్చి, ఎండి, మెలిక పడుతుంది. మనం అమ్ముకునేది ఆ గోడను.

నాకు ఇప్పుడు చండూరులో విత్తనాల షాపు. పోయినేడు ఒక పెద్దాయన వచ్చి, "పిలగా, నీ విత్తనం మంచిది కాదు, పింజ పొట్టిగొచ్చింది, కొనేటోడు వేళ్ల మధ్య గుంజి చూసి ధర తగ్గించిండు" అని నా మీద పడ్డాడు. పింజ అంటే ఆ దూది పోగే. పూత మీదున్నప్పుడు వానలు పడ్డాయా తాతా అని అడిగితే, ఇరవై రోజులు చుక్క లేదన్నాడు. సాగే కణానికి నీళ్లు అందకపోతే ఎక్కడ సాగుతుంది? విత్తనం గొప్పదా కాదా అనేది తర్వాతి మాట. ఇదంతా చెప్పి, చాయ్ తాగించి పంపాను. నమ్మాడని అనుకోను, ఈ ఏడు పక్క షాపులో కొన్నాడు.

తమ్ముడూ, వైవాలో నిన్ను ఇదే అడిగితే కప్ప గుడ్డు, పత్తి పోగు, రెండూ పక్కపక్కన పెట్టి చెప్పు. ప్రాక్టికల్ రోజు మాత్రం పొద్దున ఎనిమిది, తొమ్మిదికల్లా వేరు కత్తిరించుకో, కొస అంటే గ్లాసు అడుగు వైపున్న కొస.