క్షమించానన్న మాటకు హృదయం తోడు రావడం లేదు

ప్రశ్న: మేము క్రైస్తవులం. నాన్నగారు వీలునామా రాయకుండానే చనిపోయారు. బ్యాంకు పని అని చెప్పి అన్నయ్య నా చేత సంతకాలు చేయించి ఇంటిని తన పేరు మీదికి మార్చుకున్నాడు. క్షమించానని అందరికీ చెబుతున్నాను కానీ, ఆయన గొంతు వింటేనే ఒళ్లు మండిపోతుంది. ఇలాంటి హృదయంతో ప్రభువు బల్లలో (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణలో) పాలుపొందడం తప్పనిపించి మానేశాను. నా విశ్వాసం వేషమేనా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సోదరీ, కోపం రావడాన్నీ హృదయం చెడిపోవడాన్నీ మీరు ఒకటిగా చూస్తున్నారు. బైబిలులో హృదయమంటే ఉద్వేగాలు పుట్టే చోటు మాత్రమే కాదు. మనిషి ఆలోచించేదీ, ఏ దారిన నడవాలో తీర్మానించుకునేదీ అక్కడే. జీవధారలు అక్కడి నుంచే బయలుదేరతాయి కాబట్టి అన్నిటికంటె ముఖ్యంగా దానిని కాపాడుకోమని సామెతల గ్రంథం నాలుగో అధ్యాయం చెబుతుంది. ఒళ్లు మండడం గాయం వల్ల కలిగేది. ఆ మంటతో ఏం చేయాలన్నదే మీ హృదయం తీసుకోవలసిన నిర్ణయం.

ఆదికాండము 42 నుంచి 45 వరకు నిదానంగా చదవండి. తనను అమ్మివేసిన అన్నలు ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చినప్పుడు యోసేపు వెంటనే వారిని కౌగిలించుకోలేదు. ఒకసారి పక్కకు తిరిగి ఏడ్చాడు. మరొకసారి లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని, తనను తాను అణచుకుని బయటికి వచ్చాడు. వారికి ధాన్యం ఇచ్చాడు, వారి రూకలు కూడా తిరిగి సంచుల్లో పెట్టించాడు. తానెవరో చెప్పడానికి మాత్రం, తమ్ముడు బెన్యామీనుకు బదులు తానే దాసుడిగా ఉంటానని అన్నల్లో ఒకడైన యూదా ముందుకు వచ్చేదాకా ఆగాడు. ప్రసంగాల్లో మనం ఎక్కువగా వినేది చివరి కౌగిలింత గురించే అయినా, మీకు ఇప్పుడు ఆ మధ్యలోని ఏడుపులే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

అందుచేత ప్రార్థనను “క్షమించాను” అన్న మాటతో మొదలుపెట్టకండి. దేవుని సన్నిధిలో హృదయాన్ని కుమ్మరించమని 62వ కీర్తన చెబుతుంది. కుమ్మరిస్తే అడుగున ఉన్నది కూడా బయటికి వస్తుంది. అన్నయ్య నాశనం కావాలన్న కోరిక అక్కడ ఉంటే, దానిని దాచకుండా చెప్పి, తీసివేయమని అడగండి. రాతిగుండెను తీసి మాంసపు గుండెను ఇస్తానని యెహెజ్కేలు ప్రవక్త ద్వారా మాట ఇచ్చింది దేవుడే కాబట్టి, ఆ పనిని మీ పట్టుదలతోనే సాధించాలని అనుకోనక్కరలేదు.

ప్రభువు బల్లకు దూరంగా ఉండవద్దు. తన్ను తాను పరీక్షించుకుని, ఆ తరువాత రొట్టె తినాలని పౌలు కొరింథీయులకు రాశాడు గాని, పరీక్షించుకుని మానివేయమని రాయలేదు. ఈ సంగతి మీ పాస్టరు గారితో దాచకుండా మాట్లాడండి.

ఇక ఆస్తి సంగతి. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానమైన వాటా ఉందని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతోంది. ఆ వాటాను అడగడం ద్వేషం కాదు. మత్తయి 18లో ఉన్నట్లు మొదట అన్నయ్యతో ఒంటరిగా మాట్లాడండి. వినకపోతే ఒకరిద్దరు పెద్దలను వెంట తీసుకువెళ్లండి. అయితే మోసంతో రాయించుకున్న దస్తావేజును రద్దు చేయమని కోరడానికి చట్టంలో గడువు ఉంటుంది గనుక, సంతకాలు చేసిన కాగితాల నకళ్లను ఈలోగానే ఒక న్యాయవాదికి చూపించండి.